4,100 గొర్రెలున్నా జాతి ప్రమాదంలో ఉన్నట్టేనా? లెక్క ఎలా కట్టాలి?

మందచిట్టా

అందరికీ నమస్తే. మా గొర్రెల జాతి సంఘంలో రిజిస్టర్ రాసే పని నాది. దేశవాళీ జాతుల జాబితా సవరిస్తున్నారని, మా జాతి ఏ స్థితిలో ఉందో వివరాలు పంపమని సంఘానికి ఉత్తరం వచ్చింది. దాని మీద మీటింగ్‌లో పెద్ద వాదనే జరిగింది. సగం మంది "నాలుగు వేల పైన గొర్రెలున్నాయి, మనకేం ప్రమాదం?" అంటారు. మిగతా సగం "ప్రమాదంలో ఉందని రాస్తేనే సాయం వస్తుంది, అలాగే రాసెయ్" అంటారు. నాకు రెండూ మింగుడుపడలేదు. సాయం కోసం లేని భయం పెట్టకూడదు, పరువు కోసం ఉన్న భయం దాచకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయాలని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

మా దగ్గరున్న అంకెలివి. మొత్తం గొర్రెలు 4,100. అందులో పిల్లలు, విత్తుకొట్టిన మగవి తీసేస్తే ఈనే వయసు ఆడవి 2,300. రిజిస్టర్‌లో ఉన్న విత్తనపు పొట్టేళ్ళు 31. ఎనిమిదేళ్ళ కిందటి లెక్కలో ఆడవి 2,900 ఉండేవి. జాతి పేరు ఇక్కడ రాయట్లేదు, సభ్యులందరూ ఒప్పుకోలేదు.

వీటిలో ఏ అంకె పట్టుకోవాలి? ఎన్ని ఉంటే ప్రమాదం లేనట్టు? కొంతమంది తమ గొర్రెల్ని బరువు కోసం వేరే జాతి పొట్టేలుతో దాటిస్తున్నారు, వాటిని ఎలా లెక్కపెట్టాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పొట్టేలు_ప్రేమి

టెన్షన్ పడకండి అండీ. ఇంగ్లాండులో చిల్లింగ్‌హామ్ అనే తెల్ల పశువుల మంద ఉంది. 1947 చలికాలంలో మంచుకి చచ్చిపోగా 13 మాత్రమే మిగిలాయి. ఆ 13 నుంచే మళ్ళీ వంద దాటాయి, ఇప్పటికీ ఉన్నాయి. మీవి 4,100. జాతి అంత తేలిగ్గా పోదు. "ప్రమాదం లేదు" అని రాసేయండి.

పాతరిజిస్టర్

మందచిట్టా గారూ, ముందుగా మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఇటూ అటూ లాగేవాళ్ళ మధ్య నిలబడి ఉన్నదే రాస్తానన్నారు. నేను పశువైద్య శాఖలో పనిచేసి రిటైరయ్యాను. జాతుల రిజిస్టర్లు చూడటంలోనే నా ఉద్యోగకాలం చాలావరకు గడిచింది. కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

4,100 అనే అంకె పక్కన పెట్టండి. అది తలల లెక్క. జాతిని ముందుకు తీసుకెళ్ళేవి పిల్లల్ని కనేవి, కనించేవి మాత్రమే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ కూడా ఆ లెక్కనే చూస్తుంది. 2013లో వచ్చిన దాని మార్గదర్శకాల్లో జంతువుల్ని రెండు గుంపులు చేశారు. పందులు, కోళ్ళు, కుందేళ్ళ లాంటివి ఎక్కువ పిల్లల్ని పెట్టి సంఖ్యలో త్వరగా పెరుగుతాయి. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, గుర్రాలు సంఖ్యలో నెమ్మదిగా పెరుగుతాయి. మీవి రెండో గుంపులోకి వస్తాయి.

ఈ రెండో గుంపులో ఈనే ఆడవి 300, అంతకంటే తక్కువ ఉంటే జాతి అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నట్టు. 3,000 దాకా ఉంటే ప్రమాదంలో ఉన్నట్టు. 6,000 దాకా ఉంటే ముప్పు పొంచి ఉన్న కోవ. మగవాటికి వేరే గీతలున్నాయి: 5 దాకా అత్యంత ప్రమాదం, 20 దాకా ప్రమాదం, 35 దాకా ముప్పు. ఆడవాటి లెక్క ఒక కోవ చూపి, మగవాటి లెక్క ఇంకో కోవ చూపితే, రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదం చెబితే అదే తీసుకోవాలి.

మీ 2,300 ఆడవి 3,000 లోపే. అంటే ఇక్కడే "ప్రమాదంలో ఉంది" అనే కోవలో పడింది. మగవి 31 కాబట్టి ఆ లెక్కన ముప్పు కోవ. రెండూ కలిపితే ప్రమాదం కోవే. దీనికి వాదన అక్కర్లేదు.

కానీ నా అసలు అనుమానం ఆ 31 మీద. దయచేసి మీ రిజిస్టర్ తీసి మూడు సంగతులు చూడండి. ఆ 31లో పోయిన సీజన్‌లో నిజంగా మందల్లో వదిలినవి ఎన్ని? పుట్టిన పిల్లల తండ్రుల గడిలో ఏ నంబర్లు ఎన్నిసార్లు వచ్చాయి? 2,300 ఆడవాటిలో సొంత జాతి పొట్టేలుతోనే దాటినవి ఎన్ని? అవి చెబితే లెక్క కట్టి చూపిస్తాను.

పొట్టేలు_ప్రేమి గారూ, చిల్లింగ్‌హామ్ కథ నిజమే. అయితే 13కి పడిపోయి బతికిన మంద కాబట్టే ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని గురించి చెప్పుకుంటున్నాం. ఇంగ్లాండులోనే లింకన్‌షైర్ కర్లీ కోట్ అని గొర్రె బొచ్చులా ఉంగరాల బొచ్చుండే పంది జాతి ఉండేది. 1970లలో అది పూర్తిగా పోయింది. పోయిన జాతులు వాదించడానికి రావు. ఒక మంద తట్టుకుందని, తమ జాతి కూడా తట్టుకుంటుందన్న ధీమాతో రిపోర్టు రాస్తే, తట్టుకోని రోజున దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

మందచిట్టా

మేడమ్, రెండు రాత్రులు రిజిస్టర్ ముందు కూర్చున్నాను. మీరడిగినవి ఇవిగో.

31లో కొన్ని ముసలివైపోయాయి, కొన్ని పేరుకే ఉన్నాయి. పోయిన సీజన్‌లో నిజంగా మందల్లో తిరిగినవి 19. తండ్రి గడి చూస్తుంటే అవే నంబర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. పుట్టిన పిల్లల్లో ముప్పాతిక వంతు 6 పొట్టేళ్ళవే. మిగతా 13 పొట్టేళ్ళకి కలిపి పాతిక వంతు. ఆ ఆరింటిలో ఒకటి బాగా పేరున్న పొట్టేలు. ఒళ్ళు పెద్దది, కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి, పోటీల్లో గెలిచింది. అందరూ దాన్నే అడిగి తీసుకెళ్తారు. ఒక పేజీలో పదిహేను వరుసలుంటే తొమ్మిదింటిలో దాని చెవి ట్యాగ్ నంబరే ఉంది. ఆ పేజీ చూస్తుంటే నాకు గుండె జారింది.

సొంత జాతి పొట్టేలుతో దాటినవి దాదాపు 1,700. మిగతా 600 ఆడవి వేరే జాతితో. వాటి పిల్లల్ని మేం రిజిస్టర్‌లో ఎక్కించం.

ఇంకో సందేహం మేడమ్. ఒక సభ్యుడు యూరప్ కాగితం ఒకటి చూపించాడు. అందులో గొర్రెలకి 10,000 అని ఉంది. ఎఫ్ఏఓ 3,000 అంటే వీళ్ళు 10,000 ఎందుకన్నారు? ఇందులో ఏది నిజం?

పాతరిజిస్టర్

ముందు ఆ 10,000 సంగతి చెప్తాను, అది చిన్నది. యూరోపియన్ యూనియన్ 2006 నియమాల్లో దేశవాళీ జాతుల్ని పెంచే రైతులకి డబ్బు ఇవ్వడానికి గీతలు పెట్టారు. ఈనే ఆడవి గొర్రెల్లో 10,000, ఆవుల్లో 7,500, పందుల్లో 15,000 కంటే తక్కువ ఉంటే రైతుకి సాయం అందేది. అవి సాయం ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే గీతలు. జాతి చివరి మెట్టు దాకా దిగేదాకా ఆగకుండా, ఇంకా పైన ఉండగానే పట్టుకోవాలని వాటిని ఎత్తులో పెట్టారు. ఎఫ్ఏఓ గీతలు జాతి ఎంత లోతున ఉందో చెప్పేవి. రెండూ నిజమే, దేని పని దానిది. మీ రిపోర్టులో ఏ గీతతో కొలిచారో పేరు పెట్టి రాయండి. ఆ పేరు లేకుండా "ప్రమాదంలో ఉంది" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

ఇక అసలు లెక్క. సెవాల్ రైట్ అనే జన్యు శాస్త్రవేత్త 1931లో ఇచ్చిన సూత్రం ఒకటి ఇప్పటికీ వాడతారు. మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని 4తో గుణించి, మగా ఆడా కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చేదాన్ని ఎఫెక్టివ్ పాపులేషన్ అంటాం. మందలో వేల తలలు కనిపించినా, రక్తం ఎంత వెడల్పుగా ఉందో ఈ అంకె చెబుతుంది. 1ని ఈ అంకెకి రెట్టింపుతో భాగిస్తే ఒక్కో తరానికి ఇన్‌బ్రీడింగ్, అంటే దగ్గరి చుట్టరికం ఉన్నవాటి మధ్య సంతానం, ఎంత పెరుగుతుందో వస్తుంది. ఎఫెక్టివ్ పాపులేషన్ 50 అయితే తరానికి 1 శాతం పెరుగుతుంది. 50 కంటే కిందికి పోనివ్వకూడదన్నది ఎఫ్ఏఓ సలహా.

మీ కాగితం మీది అంకెతో, అంటే 31 పొట్టేళ్ళు 2,300 ఆడవాటితో కడితే 122 వస్తుంది. తరానికి 0.4 శాతం. చూడటానికి బాగానే ఉంది.

నిజంగా తిరిగిన 19తో కడితే 75. తరానికి 0.66 శాతం.

కానీ ఆ 19 సమానంగా పనిచేయలేదు కదా. ముప్పాతిక వంతు ఆరింటిదే. ఒక్కో పొట్టేలు వాటాని దానితోనే గుణించి, అన్నీ కూడి, 1ని ఆ మొత్తంతో భాగిస్తే, సమానంగా పనిచేసే పొట్టేళ్ళు ఎన్ని ఉన్నట్టో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆరింటికీ సమాన వాటా, పదమూడింటికీ సమాన వాటా అనుకుని కట్టాను. 10 వచ్చింది. మీ పేరున్న పొట్టేలుని మిగతా అయిదింటి కంటే ఎక్కువ వాడి ఉంటే ఇంకా తక్కువే వస్తుంది.

10 పొట్టేళ్ళతో ఎఫెక్టివ్ పాపులేషన్ 40. తరానికి 1.25 శాతం. 50 గీత కిందికి జారిపోయింది. ఎఫ్ఏఓ పట్టికలో 1 నుంచి 3 శాతం దాకా ప్రమాదం కోవ, 3 దాటితే అత్యంత ప్రమాదం. ఆడవాటి సంఖ్య చూసినా, తిరిగిన 19 పొట్టేళ్ళు చూసినా, ఇన్‌బ్రీడింగ్ చూసినా మూడూ ఒకే కోవ చూపిస్తున్నాయి.

ఇక్కడ ఒక విషయం మీ సంఘంలో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి. 2,300కి బదులు సొంత జాతితో దాటిన 1,700 ఆడవాటినే తీసుకుని కట్టినా అదే 40 వస్తుంది. ఆడవాటిని ఇంకో వెయ్యి పెంచినా 40 దగ్గరే ఉంటుంది. కానీ అదే 1,700 ఆడవాటికి 20 పొట్టేళ్ళని సమానంగా వాడితే 79 అవుతుంది. బిగిసి ఉన్నది మగవైపు. గొర్రెలు పెంచండి, ఇంకా పెంచండి అని అందరూ చెబుతారు. మీకు కావాల్సింది ముందు పొట్టేళ్ళు.

కోట్ల సంఖ్యలో ఉన్న జాతికి కూడా ఇదే జరిగింది. హోల్‌స్టీన్ ఆవులు లేని పాడి దేశం లేదు. అయినా ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకి వాడే హోల్‌స్టీన్ ఆబోతుల తండ్రివైపు వంశాలు దాదాపు అన్నీ 1960లలో పుట్టిన రెండు ఆబోతుల దాకా పోయి ఆగుతాయి. తలల లెక్కన ఆ జాతిని ఎవరూ ప్రమాదంలో ఉందనరు. రక్తం లెక్కన నిపుణులు దాని గురించి ఎప్పటినుంచో ఆందోళన పడుతున్నారు.

మీ 600 ఆడవాటి సంగతి. వాటిని చిన్నచూపు చూడకండి. అవి సొంత జాతివే, వాటి కడుపున పుట్టేవి మాత్రం కావు. అంటే ఆ ఏడాదికి ఆ 600 జాతికి లేనట్టే. సొంత జాతితో దాటే ఆడవాటి శాతం మీకు 74. ఎఫ్ఏఓ పాత నిర్వచనాల్లో ఈ శాతానికి 80 దగ్గర గీత ఉంది. తలల సంఖ్య గీతకి కాస్త పైన ఉన్నా, ఈ శాతం 80 లోపు ఉండి జాతి తగ్గుతూ ఉంటే ఎక్కువ ప్రమాదం చెప్పే కింది కోవలోనే పెట్టమన్నారు. మీకు రెండూ ఉన్నాయి: 74 శాతం, ఎనిమిదేళ్ళలో 2,900 నుంచి 2,300కి తగ్గుదల. చాలా జాతులు రోగంతోనో కరువుతోనో పోలేదు. ఒక్కో ఈతలో కొంచెం కొంచెంగా వేరే రక్తంలో కలిసిపోయి, ఒక రోజు వెతికితే అసలుది కనిపించకుండా పోయాయి. అది కళ్ళకి కనిపించే చావు కాదు కాబట్టి ఎవరూ భయపడరు. నాకు మాత్రం అదే ఎక్కువ భయం.

జీనోమ్_ల్యాబ్

మేడమ్ చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. ఒక్కటి కలుపుతాను. ఆ సూత్రం ఒకదానికొకటి చుట్టరికం లేని పశువులని అనుకుని కట్టేది. మీ 19 పొట్టేళ్ళలో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఎన్ని ఉన్నాయో రిజిస్టర్‌లో తాతల దాకా చూడండి. ఎక్కువ ఉంటే అసలు పరిస్థితి 40 కంటే కింద ఉంటుంది.

వంశావళి సరిగ్గా లేనిచోట చెవి చర్మం ముక్క గానీ, కుదుళ్ళతో సహా పీకిన వెంట్రుకలు గానీ పంపిస్తే డీఎన్ఏ పరీక్షలో రెండు సంగతులు తెలుస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేలా వచ్చిన పొడుగాటి జన్యు భాగాలు ఎన్ని ఉన్నాయో చూస్తే దగ్గరి తరాల్లో ఇన్‌బ్రీడింగ్ ఎంత జరిగిందో తెలుస్తుంది. వేరే జాతి రక్తం ఎంత కలిసిందో కూడా తెలుస్తుంది. శాంపిళ్ళు మాత్రం ఒకే మందలోంచి తీయొద్దు, ఒకే పొట్టేలు పిల్లలవి తీయొద్దు. వీలైనన్ని మందల నుంచి, చుట్టరికం లేనివి తీయండి. బాగున్న గొర్రెలవి మాత్రమే ఏరి పంపితే ఫలితం జాతిది కాదు, మీరు ఏరినవాటిది.

డీఎన్ఏ పరీక్ష లేదని రిపోర్టు ఆపకండి. రిజిస్టర్ లెక్కతో పంపండి, పరీక్ష తర్వాతైనా చేయించవచ్చు.

కొండమంద

నేను గొర్రెల కాపరిని. ఫోన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించాలి.

అందరూ ఎన్ని ఉన్నాయని అడుగుతున్నారు, ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు. అవన్నీ ఒకే చోట ఉంటే 2,300 ఉన్నా ఒకటే, 200 ఉన్నా ఒకటే. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వచ్చినప్పుడు 60 లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు. రోగం వచ్చినవే కాదు, చుట్టుపక్కల మందల్ని కూడా. అక్కడ హెర్డ్‌విక్ అనే కొండ గొర్రెల జాతి ఉంది. వేలల్లో ఉన్నాయి, తలల లెక్కలో ఏ ప్రమాదం జాబితాలోనూ వచ్చేవి కావు. కానీ దాదాపు అన్నీ ఒకే కొండ ప్రాంతంలో ఉన్నాయి. రోగం ఆ ప్రాంతంలోకే వచ్చింది. అప్పుడు కంగారుపడి వీర్యం, పిండాలు తీసి దాచారు.

దీన్ని ముందే ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. స్కాట్లాండ్ ఉత్తరాన నార్త్ రొనాల్డ్‌సే అనే దీవిలో సముద్రపు నాచు తిని బతికే గొర్రెలున్నాయి. ఒకే దీవిలో ఉంటే ఒక్క ఓడ మునిగి చమురు ఒడ్డుకొచ్చినా చాలు మేత పోతుందని, అరుదైన జాతుల సంరక్షణ సంస్థ ఒకటి 1974లో లింగా హోమ్ అనే ఇంకో దీవి కొని అక్కడ రెండో మంద పెట్టింది. నాకు ఆ పని చాలా నచ్చింది. రోగం రాకముందు చేశారు.

మందచిట్టా అక్కా, మీ మందలన్నీ ఎంత దూరంలో ఉన్నాయో పటం మీద చుక్కలు పెట్టండి. ఇంకోటి, కాపరుల వయసు రాయండి. గొర్రె వయసు పళ్ళు చూసి చెప్పేస్తాం, కాపరి వయసు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. అరవై దాటిన మనిషి దగ్గర ఉన్న మంద, తర్వాత చూసుకునే పిల్లలు లేకపోతే, ఆ మనిషితోనే అమ్ముడైపోతుంది. ఒక్క రోజులో. ఆ గొర్రెలన్నీ మాంసానికి పోతాయి, అందులో ఏ పొట్టేలు ఎవరి కొడుకో ఎవరూ చూడరు.

పొట్టేలు_ప్రేమి

మీ అందరి లెక్కలు చూశాక అడుగుతున్నాను. ఒకే జాతి ఇంకో దేశంలో లక్షల్లో ఉంటే? ఉదాహరణకి ఒంగోలు జాతి. అది బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అయింది, అక్కడ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం అదే. అలాంటి జాతి పుట్టినచోట తగ్గినా ప్రమాదం లేనట్టే కదా?

పాతరిజిస్టర్

మంచి ప్రశ్న. ఎఫ్ఏఓ జాతుల్ని ఒక్క దేశంలోనే ఉన్నవి, దేశాలు దాటినవి అని వేరుగా చూసేది అందుకే. దేశాలు దాటిన జాతికి అన్ని దేశాల లెక్కా కలిపి చూస్తారు. కానీ వెళ్ళినచోట మనుషులకి కావాల్సింది వేరు, వాతావరణం వేరు. అక్కడ తరతరాలుగా మాంసం కోసం ఏరారు. దుక్కికీ బరువు లాగడానికీ ఏరిన పశువు పుట్టిన నేల మీదే ఉంది. పుట్టినచోట తగ్గితే, ఆ గుణం కోసం బ్రెజిల్ వెళ్ళి వెతికినా దొరకకపోవచ్చు. కాబట్టి ప్రపంచం లెక్క ఒకటి, పుట్టినచోటి లెక్క ఒకటి, రెండూ రాయాలి. మందచిట్టా గారి జాతికి ఈ సమస్య లేదు, అది ఒక్క చోటే ఉంది. అలాంటి జాతి పోతే ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

కొండమంద గారూ, మీరు రాసిన కాపరి వయసు మాట ఎన్నో కమిటీల్లో నేను అరిచి చెప్పిన మాట. ఇంత స్పష్టంగా రాసినందుకు సంతోషం. దాన్ని రిపోర్టులో వేరే పేరాగా పెట్టాల్సిందే.

మందచిట్టా

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. చుక్కలు పెట్టాను అన్నా. ఒక్క మంద తప్ప అన్నీ ఒకే లోయలో ఉన్నాయి. కాపరుల వయసులు కూడా రాస్తున్నాను, మూడోవంతు కంటే ఎక్కువ మంది అరవై దాటినవాళ్ళే.

పొట్టేళ్ళ తాతల దాకా చూశాను. తిరిగిన 19లో 5 ఒకే తండ్రి కొడుకులు.

సంఘం వాళ్ళకి ఈ చర్చ చదివి వినిపించాను. "ప్రమాదం లేదు" అన్నవాళ్ళు 122 నుంచి 40కి దిగిన లెక్క విని మాట్లాడలేదు. ఒకాయన మాత్రం అడిగాడు, "ఇంత చిన్న సంఘం పంపే కాగితం ఎవరు చూస్తారు?" అని. ఏం చెప్పాలి మేడమ్? ఇంకోటి, పిల్లల సీజన్ నడుస్తోంది. మగపిల్లల్లో వేటిని ఉంచాలి, వేటికి విత్తు కొట్టించాలి అని అడుగుతున్నారు.

పాతరిజిస్టర్

ఆయనకి ఇది చెప్పండి. ఎఫ్ఏఓ 2015లో ప్రపంచ పశు జాతుల మీద రెండో నివేదిక ఇచ్చింది. అందులో ప్రమాదంలో ఉన్నవి 17 శాతం. స్థితి తెలియనివి 58 శాతం. సగానికి పైగా జాతుల గురించి చెప్పడానికి లెక్కే లేదు. పదేళ్ళ దాకా కొత్త లెక్క రాకపోతే ఆ జాతిని "తెలియదు" అనే గడిలోకి నెట్టేస్తారు. మీ పాత లెక్కకి ఎనిమిదేళ్ళు నిండాయి. మీరు ఇప్పుడు పంపకపోతే మీ జాతి ప్రమాదంలోనూ ఉండదు, క్షేమంగానూ ఉండదు, లెక్కలోనే ఉండదు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో స్థానిక జాతుల్లో ఎన్ని ప్రమాదంలో ఉన్నాయనేది ఒక సూచిక, 2.5.2. ఆ సూచికకి అంకెలు ఇలాంటి సంఘాల రిజిస్టర్ల నుంచి కూడా రావాలి. ఆ అంకెల్ని ఎఫ్ఏఓ డాటాబేస్‌లో ఎక్కించడానికి దాదాపు ప్రతి దేశానికీ జాతీయ సమన్వయకర్త ఉంటారు. మీ ఉత్తరం వాళ్ళ దాకా వెళ్తుందో లేదో కనుక్కుని, లేకపోతే ఒక కాపీ నేరుగా పంపండి.

రిపోర్టులో అంకెల పక్కన ఎప్పుడు లెక్కపెట్టారో, మందకి వెళ్ళి చూసి లెక్కపెట్టారో, యజమాని నోటిమాటగా రాసుకున్నారో తప్పకుండా రాయండి. 31, 19, 10 మూడూ రాయండి. ఒక్క 31 రాస్తే మీరు రెండు రాత్రులు చేసిన పనంతా కనిపించకుండా పోతుంది. ఆ 5 అన్నదమ్ముల సంగతి కూడా రాయండి. తేల్చిన కోవ ఎఫ్ఏఓ 2013 గీతల ప్రకారం "ప్రమాదంలో ఉంది" అనే రాయండి. "అత్యంత" అని రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి. ఆ మాట నిజంగా అవసరమైన జాతులు వేరే ఉన్నాయి. మీరు ఇప్పుడు దాన్ని వాడేస్తే రేపు నిజంగా దిగజారినప్పుడు చెప్పడానికి మాట ఉండదు.

మగపిల్లల గురించి. ఇది రిపోర్టు కంటే తొందర పని, ఆలస్యం చేయకండి. తక్కువ పిల్లలున్న ఆ 13 పొట్టేళ్ళలో ప్రతిదానికీ కనీసం ఒక కొడుకుని విత్తనానికి ఉంచండి, అది చూడటానికి కాస్త సన్నగా ఉన్నా సరే. కాళ్ళు, పళ్ళు, వృషణాలు బాగుంటే చాలు. ఆ ఆరింటికి ఒక్కో కొడుకు మాత్రమే, ఎక్కువ వద్దు. పేరున్న పొట్టేలుకి కూడా ఒక్కటే. దాని కొడుకులు అందంగా ఉంటాయి, అందరూ అడుగుతారు, మీరు గట్టిగా ఉండాలి. ప్రతి తండ్రి చోట ఒక కొడుకు అనే పద్ధతి పెట్టుకుంటే వాటాలు వాటంతటవే సమానం అవుతాయి. ఆ 5 అన్నదమ్ముల కొడుకుల్ని ఒకే మందకి పంపకండి. మందల మధ్య పొట్టేళ్ళని వంతుల ప్రకారం మార్చుకునేలా ఒక పట్టిక వేయండి, తన పిల్లలు ఎదకొచ్చే లోపు పొట్టేలు ఆ మందలోంచి వెళ్ళిపోవాలి.

లోయ బయట ఉన్న ఆ ఒక్క మంద యజమానిని ముందు కలవండి. ఆయన ఒప్పుకుంటే ఈ సీజన్‌లోనే వేరు వేరు తండ్రుల కొడుకులు నాలుగింటిని అక్కడికి పంపించండి. విత్తు కొట్టే మనిషి మందకి రాకముందే ట్యాగ్ నంబర్లు ఎర్ర సిరాతో రాసి కాపరుల చేతికి ఇవ్వండి.